కిందకి దించిన ట్రక్కుకు ఆటో లెవలింగ్: ఏది పనికొస్తుంది, ఏది తలనొప్పి

పోయిన వేసవిలో హ్యూస్టన్ నుంచి మా బావగారు ఫోన్ చేశారు. "ఒరేయ్, సబర్బన్ వెనకాల మూడంగుళాలు దించాను. పొట్టి స్ప్రింగులు వేయించా. షాపులో లిఫ్ట్ మీంచి దించగానే చూస్తే బ్రహ్మాండంగా ఉంది. ఇంటికొచ్చేసరికి సగానికి పైగా మళ్ళీ లేచి కూర్చుంది. స్ప్రింగులు తప్పువి వేశారంటావా?"

"బావగారూ, స్టార్ట్ చేశాక వెనక కింద ఏదో మోటారు గుర్రుమంటోందా?"

"అది ఎప్పుడూ ఉండేదేగా!"

ఎప్పుడూ ఉండేదే. అసలు సంగతంతా ఆ మోటారులోనే ఉంది. ఆయనది 2000ల నాటి సబర్బన్. ఆ రోజుల్లో జనరల్ మోటార్స్ వాళ్ళు సబర్బన్, టాహో, యూకాన్ బళ్ళకి ఆటోరైడ్ అనే సస్పెన్షన్ ఆప్షన్‌గా ఇచ్చేవారు. వెనక గాలి షాకులు (గాలి నింపే షాక్ అబ్జార్బర్లు), ఒక చిన్న కంప్రెసర్, ఎత్తు చూసే సెన్సర్లు ఉంటాయి. వెనక బరువు పడి బండి కుంగితే సెన్సర్ కనిపెడుతుంది, కంప్రెసర్ గాలి కొడుతుంది, బండి మామూలు ఎత్తుకు వస్తుంది. బావగారు దించింది కూడా దానికి బరువు పడ్డట్టే కనిపించింది. పాపం, దాని డ్యూటీ అది చేసింది.

ట్రక్కు అంటే ఇక్కడ అమెరికాలో పికప్, సబర్బన్ లాంటి పెద్ద బండి. దించడం అంటే దాన్ని నేలకు దగ్గరగా కిందకి తేవడం. బరువు పడ్డా ఎత్తు మారకుండా తనే చూసుకునేది ఆటో లెవలింగ్. దించిన ట్రక్కుకు ఆటో లెవలింగ్ పెట్టేవాళ్ళు, లేదా ఆటో లెవలింగ్ ఉన్న ట్రక్కును దించేవాళ్ళు ముందు ఈ ముక్క పట్టుకోవాలి. లెవలింగ్ సిస్టమ్‌కి గుర్తున్నది ఒకటే ఎత్తు, ఫ్యాక్టరీలో చెప్పిన ఎత్తు. మీరు స్ప్రింగులు మార్చినా, కమాన్లు (లీఫ్ స్ప్రింగులు) తిప్పినా దానికి తెలియదు. కొత్త ఎత్తు ఇదీ అని మనమే చెప్పాలి. ఏ సిస్టమ్‌కి ఆ మాట ఎంత సులువుగా చెప్పగలం అన్నదాన్ని బట్టే నేను వీటికి మార్కులు వేస్తాను. ధర ఆ తర్వాత.

టేపు తీసుకుని బండి కిందకి వెళ్ళండి

కొనే ముందు మూడు కొలతలు కావాలి. పెట్రోలు ట్యాంకు సగం నింపి, బండి ఖాళీగా, చదునైన నేల మీద పెట్టి కొలవండి. మొదటిది చక్రం మధ్య నుంచి ఫెండర్ (చక్రం పైన ఉండే రేకు) అంచు దాకా. నేలనుంచి కొలిస్తే టైర్లలో గాలి తేడా కూడా అందులో కలిసిపోతుంది. రెండోది వెనక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఖాళీ. మూడోది ఇరుసు పైకి లేస్తే తగిలే రబ్బరు దిమ్మ, అంటే బంప్ స్టాప్‌కు ఇంకా ఎంత దూరం ఉందో. ఈ మూడోది చూడకుండానే చాలామంది ఆర్డర్ పెట్టేస్తారు.

నాది రెండు చక్రాల డ్రైవ్ సిల్వరాడో, షెవర్లే (షెవీ) వాళ్ళ పికప్. ముందు 2, వెనక 4 అంగుళాలు దించి ఉంది. ఇక్కడి దుకాణాల్లో దీన్ని టూ-ఫోర్ డ్రాప్ అంటారు. దించాక వెనక బంప్ స్టాప్‌కు మిగిలింది రెండంగుళాల కంటే కాస్త ఎక్కువ. దానికి తగిలించే ట్రైలర్ రెండిరుసులది, పైన కప్పు ఉన్నది. బతుకమ్మ, దసరా సీజన్‌లో స్టేజీ సామాన్లు, సౌండ్ బాక్సులు, వంట గిన్నెలు అన్నీ అందులోనే. నిండితే 5,000 పౌండ్ల దాకా తూగుతుంది. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ట్రక్కు బాల్ (వెనక ట్రైలర్ తగిలించే ఇనుప గుండు) మీద పడాలన్నది ఇక్కడ అందరూ పాటించే లెక్క. నాకది సుమారు 600 పౌండ్లు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. బాల్ మీద 600 పెడితే వెనక ఇరుసు మీద పడేది 600 కాదు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 12 అడుగులు, వెనక ఇరుసు నుంచి బాల్ దాకా 4 అడుగులు అనుకోండి. వెనక ఇరుసు మీద 600 × 16 ÷ 12, అంటే 800 పౌండ్లు పెరుగుతుంది. ఆ అదనపు 200 ఎక్కడి నుంచి వచ్చింది? ముందు చక్రాల మీంచి. తూగుడు బల్లలాగే, ఒక చివర నొక్కితే రెండో చివర లేస్తుంది. ఈ 200 పౌండ్ల సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఆ 800కి నా బండి వెనక రెండంగుళాల పైన కుంగింది. అంటే ఇరుసు దాదాపు దిమ్మను ముద్దు పెట్టుకుంటోంది. రోడ్డు మీద ప్రతి అతుకూ వెన్నులో తెలిసేది. దించని ట్రక్కు రెండంగుళాలు కుంగితే చూడ్డానికి బాగోదు, అంతవరకే. దించిన ట్రక్కు కుంగితే సస్పెన్షన్ అనేదే మిగలదు. అందుకే దించిన బండికి లెవలింగ్‌ను నేను సోకు కింద లెక్కపెట్టను.

ఇంకా ఎక్కువ దించినవాళ్ళు ఉంటారు, ఫ్లిప్ కిట్ వేసినవాళ్ళు. షెవీ పికప్‌లలో కమాన్ల కింద ఉండే ఇరుసును కమాన్ల పైకి మార్చేస్తారు. ఒక్క దెబ్బకు ఐదారంగుళాలు దిగుతుంది. ఇరుసు ఛాసిస్‌కు కొట్టుకోకుండా ఛాసిస్‌ను అర్ధచంద్రంలా కోసి బలమైన ప్లేటు బిగిస్తారు, దాన్ని సీ-నాచ్ అంటారు. ఇలాంటి బండిలో బెలూన్ పెట్టాల్సిన చోటే ఆ కోత ఉంటుంది. మామూలు కిట్ బ్రాకెట్ అక్కడ కూర్చోదు. "మీ మోడల్‌కు సరిపోతుంది" అని వెబ్‌సైట్‌లో టిక్కు మార్కు ఉన్నా అది దించని మీ మోడల్‌కు అని అర్థం.

బెలూన్ అన్నానుగా, స్ప్రింగులా పనిచేసే గాలి నింపిన రబ్బరు సంచి. ఇక్కడివాళ్ళు ఎయిర్ బ్యాగ్ అంటారు గానీ, స్టీరింగ్‌లోంచి వచ్చే ఎయిర్ బ్యాగ్‌తో కలిసిపోతుంది. మన దగ్గర బస్సు మెకానిక్‌లు వాడే మాటే నాకు నచ్చుతుంది. హైదరాబాద్-విజయవాడ ఏసీ బస్సు కింద బుస్సుమంటూ గాలి వదిలేది ఆ బెలూన్ల దగ్గరే.

చేతితో గాలి కొట్టుకునే బెలూన్లు

ఇవి ఆటోమేటిక్ కావు. అయినా వీటితోనే మొదలుపెడుతున్నాను, ఎందుకంటే ఆటోమేటిక్ అడిగే పదిమందిలో ఏడుగురికి నిజానికి కావాల్సింది ఇదే అని నా అభిప్రాయం. ఉన్న కమాన్లు అలాగే ఉంటాయి, ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య రెండు బెలూన్లు సాయంగా నిలబడతాయి. మిషిగన్‌లోని లాన్సింగ్‌లో 1949 నుంచి ఉన్న ఎయిర్ లిఫ్ట్ కంపెనీవి, ఫైర్‌స్టోన్ రైడ్-రైట్‌వి ఎక్కువగా కనిపిస్తాయి. రెండింటిలోనూ మామూలు రకం బెలూన్లకి 5 నుంచి 100 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా గాలి పట్టించవచ్చు. ఖాళీ బండిలోనూ ఆ 5 తగ్గకూడదు. తగ్గితే రబ్బరు మడతపడి తన మీద తనే రాసుకుని చిరుగుతుంది. ఎయిర్ లిఫ్ట్ వాళ్ళ లోడ్‌లిఫ్టర్ 5000 అల్టిమేట్‌లో బెలూన్ లోపలే దిమ్మ ఉంటుంది, గాలి మొత్తం పోయినా వెంటనే పాడవదు.

దించిన బండికి ఇవి ఎక్కుతాయా అన్నది రెండో కొలత చెబుతుంది. మామూలు బెలూన్‌ను ఉండాల్సిన ఎత్తుకంటే బాగా నొక్కి ఇరికిస్తే లోపల గాలికి చోటు తగ్గిపోతుంది. చోటు తగ్గిన గాలి చిన్న కుదుపుకే గట్టిపడుతుంది. అంటే మెత్తదనం కోసం పెట్టుకున్నది రాయిలా తయారవుతుంది. నాలుగంగుళాలూ ఆ పైన దించిన వాటి కోసం స్లామ్‌ఎయిర్ లాంటి సన్నటి గొట్టం ఆకారపు రకాలు వేరే ఉన్నాయి. మోసే బరువు తక్కువే గానీ కొలత కుదురుతుంది. నేను వేసుకున్నది ఆ రకమే. ట్రైలర్ తగిలించాక 35 పీఎస్ఐ కొడితే ఫెండర్ మీద అతికించిన మాస్కింగ్ టేపు గుర్తుకు సరిగ్గా వస్తుంది. ఇది నా బండికి కుదిరిన అంకె, మీది మీరు కొలుచుకోవాల్సిందే.

నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. గాలి గొట్టాన్ని జిప్ టైతో కట్టేటప్పుడు సైలెన్సర్ పైపుకు జానెడు దూరం ఉందిలే అనుకున్నాను. బండి ఖాళీగా ఉన్నప్పుడు జానెడే. బరువు పడి కుంగాక నాలుగు వేళ్ళు. ఐ-35 మీద డెంటన్ దాటాక బండి ఎడమవైపు మెల్లగా ఒరగడం మొదలైంది. పక్కకు ఆపి పడుకుని చూస్తే నల్లటి గొట్టం కొవ్వొత్తిలా కరిగి వేలాడుతోంది. రెండు బెలూన్లకీ విడివిడి గొట్టాలు వేసి ఉన్నాను కాబట్టి ఒక పక్కే పోయింది. పైపుకు ఆరంగుళాల లోపు ఏదున్నా వేడి ఆపే రేకు పెట్టండి, బరువు వేసిన తర్వాతే కొలవండి. గొట్టాన్ని కటింగ్ ప్లయర్‌తో కొరకొద్దు, నలిగిన అంచు దగ్గర సన్నగా లీకవుతుంది. బ్లేడుతో నిట్టనిలువుగా కోయండి. బిగించాక గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు పూసి బుడగలు వస్తున్నాయేమో చూడండి.

బెలూన్ కిట్ ఒక్కటీ మూడు నాలుగు వందల డాలర్లలో వస్తుంది. క్యాబిన్‌లోంచే గాలి కొట్టుకునే కంప్రెసర్, మీటర్ పెట్టుకుంటే ఇంకొంచెం. నెలకు రెండుసార్లు ట్రైలర్ లాగేవాడికి బటన్ నొక్కడం కష్టమేమీ కాదు.

లారీ పద్ధతి: కడ్డీ, వాల్వు

నిజంగా ఆటోమేటిక్ కావాలంటే నా ఓటు దీనికే. పెద్ద ట్రక్కుల్లో, బస్సుల్లో దశాబ్దాలుగా ఉన్న ఏర్పాటు. ఛాసిస్ మీద ఒక వాల్వు, దానికి చిన్న చెయ్యి, ఆ చేతి చివర నుంచి ఇరుసు దాకా ఒక కడ్డీ. బండి కుంగితే చెయ్యి పైకి లేస్తుంది, ట్యాంకులో గాలి బెలూన్‌లోకి వెళ్తుంది. బరువు దించితే చెయ్యి కిందకి వంగుతుంది, గాలి బయటకు పోతుంది. అడ్డంగా ఉంటే ఏమీ జరగదు. రోడ్డు మీద ప్రతి గతుకుకీ స్పందించకుండా కొన్ని సెకన్లు ఆగి పనిచేసే రకాలు దొరుకుతాయి, అవే తీసుకోండి. లేదంటే గాలి పోస్తూ తీస్తూ ట్యాంకు ఖాళీ చేసేస్తుంది.

దించిన బండికి ఇది ఎందుకు నచ్చిందంటే, కొత్త ఎత్తు చెప్పడానికి కంప్యూటర్ అక్కర్లేదు. కడ్డీ పొడవు మార్చితే చాలు. బండిని కావాల్సిన ఎత్తులో నిలబెట్టి, చెయ్యి అడ్డంగా ఉండేలా కడ్డీని కోసి బిగిస్తే అదే ఇక దాని ఎత్తు. రేపు ఇంకో అంగుళం దించాలనిపిస్తే మళ్ళీ పావుగంట పని.

జాగ్రత్తలు రెండున్నాయి. జాకీతో బండి లేపినప్పుడు ఇరుసు బాగా కిందకి వేలాడుతుంది. అప్పుడు చెయ్యీ కడ్డీ ఒకే గీతలోకి వచ్చి, దించేటప్పుడు చెయ్యి తిరగబడే ప్రమాదం ఉంది. తిరగబడితే బరువు పడ్డప్పుడు గాలి తీసేస్తుంది, తేలికైతే కొడుతుంది. బిగించాక చక్రాలు వేలాడదీసి, మళ్ళీ దించి చెయ్యి కదలిక కళ్ళారా చూసుకోండి. రెండోది, ఒకే ఇరుసుకు రెండు పక్కలా రెండు వాల్వులు పెట్టాలన్న ఆశ. ముందు వైపు బెలూన్లు లేని పికప్‌లో ఇది వద్దు. నేల ఏటవాలుగా ఉన్నచోట ఆపితే రెండు వాల్వులూ ఒకదానితో ఒకటి పోట్లాడి, ఒక పక్క నిండా గాలి, రెండో పక్క ఖాళీ అయ్యేదాకా పోతాయి. పెద్ద బస్సుల్లో మూడు వాల్వులు ఉంటాయి, ముందు ఒకటి, వెనక రెండు. ముక్కాలిపీట ఎక్కడ పెట్టినా కదలదు, నాలుగు కాళ్ళ బల్లకే కాగితం మడతపెట్టి దోపాల్సి వస్తుంది. సంగతి అదే.

ఒకే వాల్వు పెడితే రెండు బెలూన్లూ ఒకే గొట్టానికి కలుస్తాయి. మలుపులో బరువు పడ్డ పక్క నుంచి గాలి రెండో పక్కకు జారుకుంటుంది, బండి ఒరగడం పెరుగుతుంది. దించిన బండ్లకి వెనక యాంటీ-రోల్ బార్ (ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) వేసుకునేవాళ్ళు ఎక్కువ కాబట్టి అంతగా తెలియదు. లేనివాళ్ళు సన్నటి గొట్టం వాడితే గాలి అంత త్వరగా జారుకోదు.

సెన్సర్లతో నడిచేవి

ఇక్కడ రెండు రకాల వాళ్ళున్నారు. బండితోనే వచ్చినవాళ్ళు, బయట కొనేవాళ్ళు.

2013 నుంచి రామ్ 1500 పికప్‌లో నాలుగు చక్రాలకీ గాలి సస్పెన్షన్ ఆప్షన్‌గా వస్తోంది. ఐదు ఎత్తులు ఉంటాయి. ఎక్కడానికి దిగడానికి వంగేది ఒకటి, హైవే మీద కాస్త కిందకి దిగేది ఒకటి, మామూలుది, మట్టి రోడ్డుకి రెండు. దీన్ని దించడానికి స్ప్రింగులు మార్చరు. సెన్సర్‌కి ఉన్న చిన్న లింకు తీసి, పొడవు మార్చుకునే లింకు పెడతారు. సెన్సర్ తప్పు చదువుతుంది, బండి కిందకి దిగుతుంది. నలభై నిమిషాల పని, బండికి కోత పడదు, నచ్చకపోతే పాత లింకు మళ్ళీ పెట్టేసుకోవచ్చు. ట్రైలర్ తగిలించినా అదే దిగిన ఎత్తుకు తనే వస్తుంది. రామ్ ఉన్నవాళ్ళు వేరే ఏదీ చూడనక్కర్లేదు.

అయితే అత్యాశ పనికిరాదు. లింకు మార్చితే ఐదు ఎత్తులూ కలిసే జరుగుతాయి. మామూలు ఎత్తు రెండంగుళాలు తగ్గిస్తే, ఎక్కడానికి వంగే ఎత్తు అక్కడి నుంచి ఇంకో రెండంగుళాలు కిందకి పోవాలని చూస్తుంది. అక్కడ దిమ్మ ఉంటుంది. సిస్టమ్ అందుకోలేని ఎత్తు కోసం ప్రయత్నించి, చివరికి మీటర్ బోర్డులో హెచ్చరిక వెలిగిస్తుంది. అంగుళం, అంగుళంన్నర దగ్గర ఆగినవాళ్ళు సుఖంగా ఉన్నారు. నాలుగు లింకులూ కొలిచి సమానంగా పెట్టండి, తర్వాత వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి.

బావగారి ఆటోరైడ్ కూడా ఈ కోవలోదే. సెన్సర్ లింకు గానీ బ్రాకెట్ గానీ దించినంత మేర సరిచేస్తే కంప్రెసర్ ఊరుకుంటుంది. కొందరు మామూలు షాకులు వేసి, హెచ్చరిక రాకుండా రెసిస్టర్లు పెట్టి సిస్టమ్‌ని మోసం చేస్తారు. దించినది నిలుస్తుంది, కానీ లెవలింగ్ పోతుంది. ట్రైలర్ లాగేవాళ్ళు ఆ దారి పట్టొద్దు.

బయట కొనే పూర్తి ఎలక్ట్రానిక్ కిట్లు, చక్రానికో సెన్సర్, ఫోన్‌లో యాప్ ఉన్నవి, కమాన్లు పూర్తిగా తీసేసి బెలూన్ల మీదే నడిచే షో బండ్లకి చక్కగా ఉంటాయి. బెలూన్లు కాకుండా కంట్రోలుకే వెయ్యి డాలర్ల పైన పెట్టాలి. కమాన్లు ఉంచుకుని సాయానికి రెండు బెలూన్లు పెట్టుకున్న పికప్‌కి ఇది పెట్టడం ఈగను కొట్టడానికి రోకలి ఎత్తినట్టు. వైరింగ్‌లో ఒక్క కనెక్టర్‌కి తేమ పడితే దాని వెంట పడే ఓపిక మీకుందా అన్నది కూడా చూసుకోండి. నాకు లేదు.

మాటల్లో మాట. అమెరికాలో బండి ఎత్తు అప్పటికప్పుడు పైకీ కిందకీ మార్చే సరదా మొదలైందే చట్టం నుంచి తప్పించుకోవడానికి. చక్రం రిమ్ అడుగు కంటే కిందకి బండి భాగమేదీ ఉండకూడదని కాలిఫోర్నియా 1950ల చివర్లో చట్టం పెట్టింది. రాన్ అగిరే అనే కుర్రాడు తన కార్వెట్‌కి హైడ్రాలిక్ పంపులు పెట్టి, పోలీసు కనిపిస్తే పైకి లేపి, వెళ్ళిపోతే దించేవాడు. ఆ నిబంధనను 2024 జనవరి 1 నుంచి తీసేశారు. మన ఊళ్ళో ఇలాంటివి చేద్దామనుకునేవాళ్ళు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చదివి దిగండి. ఆర్సీలో ఉన్న దానికి భిన్నంగా బండి మార్చడం గురించిన సెక్షన్ అది.

తమంతట తామే లేచే షాకులు

నివోమ్యాట్ అని జడ్ఎఫ్ సాక్స్ వాళ్ళ షాకులున్నాయి. కరెంటు లేదు, కంప్రెసర్ లేదు, గొట్టం లేదు. బండి కదిలేటప్పుడు కలిగే ఊపునే పంపుగా వాడుకుని లోపలి నూనెను ఒత్తిడిలోకి నెట్టి, కాస్త దూరం నడిచేసరికి బండిని పైకి తెచ్చుకుంటాయి. ఇంజనీరింగ్‌గా చూస్తే నాకు వీటి మీద చాలా గౌరవం. దించిన బండికి మాత్రం ఇవే అన్నిటికంటే మొండివి. ఎత్తు గుర్తు షాక్ లోపల, దాని పొడవులోనే ఉంది. మార్చడానికి లింకు లేదు, మర లేదు. పొట్టి స్ప్రింగు వేస్తే ప్రతి ప్రయాణంలోనూ పాత ఎత్తు కోసం లాగుతూనే ఉంటుంది.

ఒకటే ఉపాయం. మూడంగుళాలు దించితే షాక్ అడుగు బిగింపును కూడా ఎక్స్‌టెండర్ బ్రాకెట్‌తో మూడంగుళాలు కిందకి తేవాలి. అప్పుడు షాక్‌కి తన పొడవు తనకి దొరుకుతుంది. కానీ ఆ బ్రాకెట్ ఇరుసు కింద వేలాడుతూ ఉంటుంది. ఇప్పటికే నేలకు దగ్గరగా ఉన్న బండిలో అంత కిందకి ఇనుప ముక్క వేలాడితే మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే తెలిసొస్తుంది.

చేత్తో గాలి కొట్టే మామూలు ఎయిర్ షాకుల గురించి ఒక్క మాట. చవక. కానీ షాక్ బిగించిన బ్రాకెట్ ఊపు ఆపడానికి చేసినది, బరువు మోయడానికి కాదు. తేలికపాటి సామానుకైతే సరే. బోలు రబ్బరు స్ప్రింగులు, టిమ్‌బ్రెన్ లాంటివి, దిమ్మ స్థానంలో కూర్చుంటాయి. దించని ఎత్తుకు చేసినవి దించిన బండిలో ఎప్పుడూ ఆనుకునే ఉండి బండిని ఎగరేస్తాయి.

లెవల్ అయింది సరే, ముందు చక్రాల సంగతి?

ఆ 200 పౌండ్ల దగ్గరికి వద్దాం. బెలూన్ వెనక భాగాన్ని పైకి లేపుతుంది. ముందు చక్రాల మీంచి పోయిన బరువును తిరిగి తేదు. బండి గీత గీసినట్టు నిలబడి ఉంటుంది, స్టీరింగ్ మాత్రం తేలికగానే ఉంటుంది. చూపుకు బాగుంది కదా అని 75 మైళ్ళ వేగంతో పోతే పక్కనుంచి పెద్ద ట్రక్కు దాటినప్పుడు గుండె గొంతులోకి వస్తుంది. ముందుకు బరువు తిరిగి పంపేది వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఒక్కటే. హిచ్ అంటే ట్రైలర్ తగిలించే ఏర్పాటు, ఇది బరువు పంచే రకం. దాని రెండు కడ్డీలు ట్రైలర్‌కీ ట్రక్కుకీ మధ్య విల్లులా వంగి కొంత బరువును ముందు చక్రాలకు, కొంత ట్రైలర్ ఇరుసులకు నెడతాయి. రెండూ వాడేటప్పుడు ఏది ముందు బిగించాలో మీ బండి మాన్యువల్‌లో, హిచ్ మాన్యువల్‌లో చూసే చేయండి. బెలూన్లలో గాలి బాగా ఎక్కువ కొట్టి తర్వాత కడ్డీలు బిగిస్తే వాటికి చేయడానికి పనే ఉండదు.

దించిన బండిలో హిచ్ కూడా దిగిపోతుంది, ట్రైలర్ ముక్కు నేల చూస్తుంది. బాల్ బిగించే కిందకి వంగిన బాల్ మౌంట్‌ను తిరగేసి పైకి వచ్చేలా పెట్టుకుంటే సరిపోతుంది. తిరగేసినా అది మోయగలిగే బరువు దాని మీద రాసి ఉందో లేదో చూసుకోండి. ఇంకో సంగతి. బెలూన్లు పెట్టినంత మాత్రాన ట్రక్కు మోసే బరువు పెరగదు. డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీద ఉన్న అంకె అలాగే ఉంటుంది. పెట్టె మీద 5,000 పౌండ్లు అని ఉన్నది బెలూన్ సత్తా. ఇరుసు, బ్రేకులు, టైర్లు దాని మాట వినవు.

పాత టొయోటా పికప్‌లు, టకోమాలు ఉన్నవాళ్ళకి ఒక ప్రత్యేక హెచ్చరిక. వాటిలో వెనక బ్రేకులకి ఎంత ఒత్తిడి పంపాలో ఇరుసుకు కట్టిన ఒక కడ్డీ నిర్ణయిస్తుంది. బండి కుంగితే బరువుందనుకుని వెనక బ్రేకు పెంచుతుంది. బండి దించితే ఖాళీగా ఉన్నా బరువుందనుకుంటుంది, వానలో వెనక చక్రాలు పట్టేసి జారతాయి. దించడానికి తగ్గట్టు ఆ కడ్డీని సరిచేశాక లెవలింగ్ పెట్టారనుకోండి, ఇప్పుడు నిజంగా బరువున్నప్పుడు కూడా బండి కుంగదు కాబట్టి ఖాళీ అనుకుని వెనక బ్రేకు తగ్గిస్తుంది. ఈ బండ్ల మీద ఆటో లెవలింగ్ పెట్టేముందు బ్రేకులు తెలిసిన మెకానిక్‌తో మాట్లాడాల్సిందే.

మరి ఎవరికి ఏది?

బండి రామ్ గాలి సస్పెన్షన్‌దైతే లింకులు, మితంగా. ఆటోరైడ్ లాంటిది ముందే ఉంటే సెన్సర్ సరిచేసుకోండి, పీకేయొద్దు. కమాన్ల పికప్, నెలకు రెండు మూడు సార్లు బరువు అయితే చేతి బెలూన్లు, విడివిడి గొట్టాలతో. రోజూ పొద్దున పనిముట్లు ఎక్కించి సాయంత్రం దించే వాళ్ళకి, దారిలో నాలుగు చోట్ల సామాను దించే కేటరింగ్ వాళ్ళకి వాల్వు పద్ధతి పెట్టుబడికి తగ్గ ఫలితం ఇస్తుంది. దానికి చిన్న ట్యాంకు తప్పకుండా పెట్టండి, లేకపోతే కంప్రెసర్ మాటిమాటికీ తిరిగి కాలిపోతుంది. కరెంటు ఇగ్నిషన్ నుంచి రిలే ద్వారా ఇవ్వండి. లేకపోతే ఎక్కడో సన్నటి లీకు ఉన్నా కంప్రెసర్ రాత్రంతా తిరిగి పొద్దున్నకి బ్యాటరీ చచ్చి ఉంటుంది. ట్యాంకులో చేరిన నీళ్ళు నెలకోసారి వదలాలి. చలి రాష్ట్రాల్లో ఉండేవాళ్ళయితే ఇంకా తరచుగా, గొట్టంలో గడ్డకడితే వాల్వు పనిచేయదు. నివోమ్యాట్ ఉన్న బండి అయితే, నిజం చెప్పాలంటే, దించకండి.

ఏ ఆటోమేటిక్ అయినా టైరు మార్చేముందు ఆపేయండి. జాకీతో లేపితే ఇరుసు వేలాడుతుంది, బండి మరీ ఎత్తులో ఉందనుకుని సిస్టమ్ గాలంతా వదిలేస్తుంది. రామ్‌లో దీనికోసమే జాకీ మోడ్ ఉంది. వాల్వు పద్ధతిలో మీరే ఒక స్విచ్ పెట్టుకోవాలి. నేను దాన్ని హుడ్ తెరిచే లివరు పక్కనే పెట్టించాను, చీకట్లో కూడా చెయ్యి తగిలేలా.

బావగారి సబర్బన్‌కి ఆ శనివారమే వెళ్ళాను. సెన్సర్ బ్రాకెట్‌కి కొత్త చిల్లులు వేసి జరిపాం. మొదటి చిల్లు పావంగుళం తప్పింది, కంప్రెసర్ మళ్ళీ గుర్రుమంది. రెండోసారి కుదిరింది. ఫెండర్ మీద టేపు గుర్తు పెట్టి, అక్కయ్య పెట్టిన పెసరట్టు తిని బయటకొచ్చి చూశాం. గుర్తు ఎక్కడిదక్కడే ఉంది. వెనక సీట్లో పిల్లలు నలుగురూ ఎక్కారు. అంగుళం కుంగింది, అర నిమిషం తర్వాత మోటారు మోగింది, టేపు గుర్తు దగ్గరకొచ్చి ఆగింది. "ఇదేదో ముందే చెప్పొచ్చుగా" అన్నారు బావగారు, స్ప్రింగుల షాపువాళ్ళకి పంపడానికి రాసుకున్న మెయిల్ డిలీట్ చేస్తూ.